కాళ్లకు నీళ్లిచ్చిండ్రా? – పర్యాటకం గురించి ఒక ముచ్చట

(శామీర్‌పేటలో ఆదివాసీ విద్యార్థులు, యువ కార్మికుల సమావేశంలో మాట్లాడిన మాటలు. చదవడానికి వీలుగా కొద్దిగా సరిచేసి రాసినవి.)



నన్ను "పర్యాటకం – ఆదివాసీ యువతకు ఉపాధి" అనే విషయం మీద మాట్లాడమన్నరు. నేను టూరిజం చదువుకున్నోణ్ణి కాదు. మేడ్చల్ పారిశ్రామికవాడలో ఒక కంపెనీల ప్యాకింగ్ పని చేస్తున్న, ఆరేండ్లాయె. మాది ఉట్నూరు దిక్కు. ఇక్కడ కూర్చున్నోళ్లలో సగం మంది లాగ నేను కూడా నాగ్‌పూర్ రోడ్డు పట్టుకొని వచ్చినోణ్ణే. గుడిహత్నూర్, నిర్మల్, కామారెడ్డి దాటి మేడ్చల్ రాంగనే బస్సు దిగిన, అక్కడే రూమ్ తీసుకున్న, అక్కడే ఉండిపోయిన. అందుకని ఈ పర్యాటకం ముచ్చట నా దగ్గరికి ఎట్ల వచ్చిందో అట్లనే చెప్త. మధ్యల దారి తప్పితే ఆపుండ్రి.

ఈ శామీర్‌పేట చెరువు చుట్టుపక్కల, రాజీవ్ రహదారి పొడుగూత రిసార్టులు ఎన్ని ఉన్నయో మీకు తెలుసు. శనివారం వస్తే సిటీ అంతా ఇటే వస్తది. మూడేండ్ల కింద ఒక శుక్రవారం నాడు మా లేబర్ కాంట్రాక్టరు వచ్చి, "మీరు ట్రైబల్సే కదా, డ్యాన్స్ వస్తది కదా, రేపు రాత్రి ఒక రిసార్టుల ప్రోగ్రాం ఉంది, మనిషికి 800, బిర్యానీ" అన్నడు. అప్పటికి మా చెల్లె హాస్టల్ ఫీజు కట్టాలె. సరే అన్న. ఆరుగురం పోయినం. ఇద్దరం గోండులం, ఒకడు కొలాం పిల్లగాడు, ఒకడు ములుగు దిక్కు కోయ తమ్ముడు. మిగిలిన ఇద్దరు అసలు ఆదివాసులే కాదు, లెక్క సరిపోలేదని కాంట్రాక్టరు తోలుకొచ్చిండు. వాళ్లే అందరికంటే బాగ ఎగిరిండ్రు, అది వేరే సంగతి.

అక్కడ మాకు ఒక సంచి ఇచ్చిండ్రు. ప్లాస్టిక్ నెమలి ఈకల టోపీలు, గడ్డి లంగాలు, వెండి కాగితం చుట్టిన బల్లేలు, ఒక డబ్బా నల్ల రంగు. మంట చుట్టూ తిరుగుతూ "ఝింగలాల" అని అరవాలె. ఏ గూడెంల, ఏ పెంటల, ఏ భాషల ఆ మాట ఉందో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పుండ్రి. మాకైతే సినిమాలు చూసినంకనే తెలిసింది. అరిచినం. తర్వాత బువ్వ పెట్టే కాడ నిలబడమన్నరు. వచ్చినోళ్లు ప్లేటు పట్టుకొని మా పక్కన నిలబడి ఫోటోలు దిగిండ్రు.

అందర్నీ చెడ్డోళ్లు అనను. ఒక పెద్దావిడ వచ్చి నా టోపీ చూసి, "బాబూ, ఈ నెమలి ఈకలు మీ దేవుడివా?" అని చాలా మర్యాదగా అడిగింది. ఆమె ఒక్కతే అడిగింది. నేను "తెలవదు మేడమ్, డ్యాన్స్ కోసం ఇచ్చిండ్రు" అన్న. అబద్ధం. నాకు తెలుసు. మా పెద్దనాన్న గుస్సాడీ కట్టిండు. ఆ టోపీ మా ఇంట్ల ఉంటది. పండుగ రోజులు తప్ప దాన్ని మేము ముట్టుకోము.

గుస్సాడీ గురించి తెలియని తమ్ముళ్లు, సిటీల పుట్టిన చెల్లెండ్లు ఇక్కడ ఉన్నరు కాబట్టి కొంచెం ఆగి చెప్త. దీపావళి దగ్గర పడంగ మా గోండు గూడేలల్ల దండారి మొదలైతది. గుస్సాడీ అంటే వేషం కాదు, దీక్ష. ఒంటికి బూడిద, నెమలి పింఛాల టోపీ, భుజానికి తోలు, చేతిల కోల. ఆ దీక్ష ఉన్నన్ని రోజులు స్నానం చెయ్యడు, మంచం మీద పండడు. ఆ రోజుల్లో ఆ మనిషి మీదికి దేవుడు వచ్చి ఉంటడని మా నమ్మకం. రోగమున్నోళ్లు వచ్చి ఆయన చేతి బూడిద పెట్టించుకుంటరు. పండుగ అయిపోయినాక కొలబోడి చేసి అన్నీ దించి దాచి పెడ్తరు. మళ్ల ఏడాది దాకా కన్పడవు.

ఇంకో సంగతి, ఇదే నాకు ఇయ్యాల ముఖ్యం. దండారి ఒక ఊళ్లనే ఆడి ఊకునేది కాదు. ఒక ఊరి దండారి ఇంకో ఊరికి చుట్టంగ పోతది. ముందుగాల కబురు పోతది. వాళ్లు రమ్మంటేనే పోవాలె. ఊరి పొలిమేర కాడ ఎదురొస్తరు. కాళ్లకు నీళ్లిస్తరు. రాత్రంతా ఆట, పాట, తిండి. నాలుగు దేవతలోళ్లు, ఐదు దేవతలోళ్లు, ఆరు, ఏడు అని మన సగలు ఉంటయి కదా, ఏ ఊరికి ఏ ఊరు వియ్యం అవుతదో పెద్దమనుషులు ఆడనే మాట్లాడుకుంటరు. తర్వాత ఆ ఊరోళ్లు మన ఊరికి వస్తరు, మనం పెట్టాలె. అంటే ఊరు తిరిగి చూసుడు, చుట్టానికి మన ఆట చూపుడు, వండి పెట్టుడు, ఇవన్నీ మనకు టూరిజం శాఖ వచ్చి నేర్పవలసినవి కావు. కాకపోతే మన పద్ధతిల చూసేవాడు బాకీ పడ్తడు. వాడు మళ్ల మనల్ని పిలవాలె.

రిసార్టు వీడియో ఎట్లనో వాట్సాప్‌ల మా ఊరికి చేరింది. బాపు ఫోన్ చేసిండు. తిడ్తడనుకున్న. తిట్టలే. "ఎవల ఇంటికి చుట్టం పోయినవ్ రా?" అన్నడు. చెప్పిన. కొంచెంసేపు ఏం మాట్లాడలే. తర్వాత, "కాళ్లకు నీళ్లిచ్చిండ్రా?" అన్నడు. అంతే. ఫోన్ పెట్టేసిండు.

ఆ మాట తర్వాత నేను ఈ సంగతి మీద చదవడం, చూడడం మొదలుపెట్టిన. వేరే దేశాల్ల ఆదివాసులు ఏం చేస్తున్నరు? వాళ్ల దగ్గరికీ లక్షల మంది వస్తున్నరు కదా, వాళ్లు ఎట్ల నిలబడుతున్నరు? అట్ల వెతుకుతుంటే ఆస్ట్రేలియా నడుమ ఎడారిల ఉన్న ఉలూరు దొరికింది. నేను పోలే, మీకు ముందే చెప్తున్న. చదివింది, చూసిందే చెప్తున్న.

ఎర్ర మట్టి ఎడారిల ఒకే ఒక్క ఎర్ర రాతి గుట్ట. నేల మీది నుంచి 348 మీటర్ల ఎత్తు. దగ్గరి పట్నం ఆలిస్ స్ప్రింగ్స్ కూడా 450 కిలోమీటర్ల దూరం. ఆ గుట్ట అనంగు అనే ఆదివాసులది. 1873లో ఒక తెల్ల సర్వేయరు వచ్చి, తన దేశపు పెద్దమనిషి పేరు మీద "అయర్స్ రాక్" అని పేరు పెట్టిండు. మన గుట్టలకు, మన వాగులకు కూడా ఇట్లనే ఎవరెవరో పేర్లు పెట్టిండ్రు, మీకు చెప్పనవసరం లేదు. తర్వాత హోటళ్లు, బస్సులు, రాయి మీద గొలుసు పాతుడు, దాన్ని పట్టుకొని ఎక్కుడు. అనంగులకు ఆ దారి పవిత్రం, వాళ్ల పూర్వీకులు నడిచిన దారి. మామూలుగ వాళ్లు ఎక్కరు. ఎక్కుతున్న టూరిస్టులను వాళ్ల భాషల "మింగ" అంటరు, అంటే చీమలు.

1985 అక్టోబర్ 26న ఆ భూమి కాయితాలు అనంగుల చేతికి వచ్చినయి. వచ్చినయి కానీ ఒక షరతు ఉన్నది. వెంటనే దాన్ని 99 ఏండ్లకు జాతీయ పార్కుగా సర్కారుకు లీజుకు ఇయ్యాలె. ఎక్కుడు ఆపుతమని అంతకు ముందు సర్కారు ఇచ్చిన మాట కూడా నిలబడలే. మన దగ్గర అయితే ఇక్కడితో కథ అయిపోయేది. కానీ వాళ్లు లీజు కాయితంల ఒకటి గట్టిగ పట్టుకున్నరు. పార్కును నడిపే బోర్డుల 12 మంది ఉంటే 8 మంది అనంగులు ఉండాలె. పార్కు టికెట్టు డబ్బులల్ల నూటికి 25 వాళ్లకు రావాలె.

అటెన్క వాళ్లు చేసిన పనే నాకు బాగా నచ్చింది. గుట్ట కింద బోర్డు పెట్టిండ్రు: ఇది మాకు పవిత్రం, దయచేసి ఎక్కకండి అని. ఆపే అధికారం అప్పుడు చేతిల లేదు, అడిగే నోరు ఉంది. దానితో పాటు తామే దగ్గరుండి గుట్ట చుట్టూ తిప్పి చూపించుడు మొదలుపెట్టిండ్రు. అనంగులే నడిపే యాత్రల్లో కొన్నిట్ల వాళ్ల పెద్దమనుషులు ఇంగ్లీషుల మాట్లాడరు. వాళ్ల పిచ్చన్‌చచ్చర భాషలనే చెప్తరు, పక్కన ఇంకొకరు తర్జుమా చేస్తరు. టూరిస్టు ఆగి వినాలె. ఏ గింజ ఎట్ల దంచి రొట్టె చేస్తరు, నీళ్లు ఎక్కడ నిలుస్తయి, బల్లెం ఎట్ల విసురుతరు, ఈ గుట్ట మీది మచ్చ ఏ కథది, ఇవన్నీ చెప్తరు. కొన్ని చెప్పరు. కొన్ని కథలు ఆడవాళ్లకే, కొన్ని మగవాళ్లకే, కొన్ని దీక్ష తీసుకున్నోళ్లకే. బయటోళ్లకు పైపైది మాత్రమే. కొన్ని తావుల్ల ఫోటో తీయొద్దని బోర్డు ఉంటది, అక్కడ ఎంత పెద్దోడైనా కెమెరా దించాలె.

ఏమైంది? 1990లల్ల వచ్చినోళ్లలో నలుగురిలో ముగ్గురి దాకా గుట్ట ఎక్కేటోళ్లు. మెల్లమెల్లగ తగ్గింది. 2010 నాటి పార్కు ప్రణాళికల, ఎక్కేవాళ్లు నూటికి 20 మంది కంటే తగ్గితే మూసెయ్యొచ్చని రాసుకున్నరు. ఆ లెక్క దాని కంటే కిందికి దిగింది. 2017 నవంబర్‌ల బోర్డు అంతా ఒక్కమాట మీద తీర్మానం చేసింది. 2019 అక్టోబర్ 26న, భూమి చేతికొచ్చిన అదే తారీకున, ఎక్కుడు శాశ్వతంగా ఆగిపోయింది. ఆఖరి రోజుల్లో "ఇగ దొరకదు" అని జనం లైన్లు కట్టి ఎక్కిండ్రు, మనిషి బుద్ధి ఎక్కడైనా ఒకటే. అయినా గొలుసు తీసేసిండ్రు. చుట్టాలు ఇప్పటికీ వస్తున్నరు, గుట్ట కింద నడుస్తున్నరు.

అక్కడ స్వర్గం ఉందని చెప్తలేను. ఆ గుట్ట నీడల్నే ముటిజులు అని అనంగుల ఊరు ఉంది. అక్కడ పేదరికం ఉంది, రోగాలు ఉన్నయి. 2007ల ఆస్ట్రేలియా సర్కారు "అత్యవసర జోక్యం" పేరు మీద ఆదివాసీ ఊళ్లకు సైన్యాన్ని కూడా పంపింది, మొదలు ముటిజులుకే. కోట్ల డాలర్ల హోటళ్లు కొన్ని కిలోమీటర్ల దూరంలనే ఉన్నయి. కాబట్టి టూరిస్టులు వస్తే బతుకులు మారతయని ఎవరన్నా చెప్తే ముటిజులు పేరు చెప్పుండ్రి. నేను అక్కడి నుంచి తీసుకున్నది ఒక్కటే: 'ఇది చూపం' అనే అధికారం చేతిల ఉన్నోడే ఇంటాయన. ఆ అధికారం లేకుంటే ఎంత జీతమిచ్చినా వాడు కూలోడే. ఆ రాత్రి నేను కూలోణ్ణి, అది కూడా నా దేవుడి టోపీ పెట్టుకొని.

మన దగ్గర ఈ అధికారం లేదా? ఉంది. మేడారం చూడుండ్రి. రెండేండ్లకోసారి లక్షల మంది వస్తరు. సర్కారు, మంత్రులు, టీవీలు అందరూ వస్తరు. కానీ చిలుకలగుట్ట ఎవరెక్కుతరు? ఎవ్వరూ ఎక్కొద్దు. కోయ పూజారులు పోతరు, ఆఖరికి ప్రధాన పూజారి ఒక్కడే పైకి పోయి సమ్మక్కను కుంకుమ భరిణె రూపంల తెస్తడు. జిల్లా ఎస్పీ గుట్ట కింద నిలబడి గాల్లకి తుపాకీ పేలుస్తడు, గంతే ఆయన పని. పైన ఏం జరిగిందో పూజారి చెప్పడు, ఎవరూ అడగరు. ఉలూరుల 2019ల వచ్చింది మనకు చిలుకలగుట్ట మీద ఎప్పటి నుంచో ఉంది. ఆ గుట్టకు రోప్‌వే వేద్దామని ఎవరన్నా అన్న రోజు మనం ఎక్కడుంటమో అదే ప్రశ్న.

కేస్లాపూర్ కూడా అంతే. పుష్య అమావాస్యకు నాగోబా జాతర. మెస్రం వంశస్థులు చెప్పుల్లేకుండ నడిచిపోయి, జన్నారం మండలం కలమడుగు కాడ హస్తిన మడుగు నుంచి గోదారి నీళ్లు తెస్తరు. కొత్త కోడండ్లకు భేటింగ్ చేసినంకనే వాళ్లు ఆ ఇంటోళ్లు అయితరు. కుండలు చేసేది సిరికొండ కుమ్మరులు, వాళ్లు ఆదివాసులు కారు, అయినా ఆ పూజల వాళ్ల జాగ వాళ్లకుంది. బయటోడికి కూడా మన ఇంట్ల ఒక పని, ఒక మర్యాద ఉంటదని దీంతోనే తెలుస్తది. కుమురం భీమ్‌ను 1940ల జోడేఘాట్‌ల చంపినంక, నిజాం సర్కారు మన గోస ఏందో చూసి రమ్మని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన సలహాతోనే 1942 నుంచి ఆ జాతరల దర్బారు పెడుతున్నరు. అధికారులే మన దగ్గరికి వచ్చి కూర్చొని వినాలె. సర్కారును చుట్టంగ పిలిచి నేల మీద కూర్చోబెట్టిన పద్ధతి అది. ఇప్పుడు అది స్టేజీ, మైకు, పూలదండల కార్యక్రమం అయిందని మీరంటరు. నిజమే, ఆ మాట వేరే రోజు మాట్లాడుకుందం. 2022 డిసెంబర్‌ల తయారైన కొత్త గుడిని మెస్రం కుటుంబాలు సొంత చందాలతోని, దాదాపు 5 కోట్లతోని కట్టుకున్నయి. సొంత పైస పెట్టిన ఇంట్ల మాట చెల్లుతది.

ఇగ చెల్లని తావులు చూద్దం. అరకు. ఆ సొరంగాల రైలుకు 2017ల అద్దాల బోగీ తగిలించిండ్రు, టికెట్లు దొరకవు. దిగితే థింసా ఆడే అక్కలు ఉంటరు. థింసా పండుగల, పెళ్లిల ఊరంతా భుజాలు పట్టుకొని ఆడే ఆట. ఇప్పుడు బస్సు వచ్చినప్పుడల్లా ఆడాలె. బొర్రా గుహలు చూడుండ్రి. చరిత్ర పుస్తకాల్ల ఒక తెల్లదొర "కనుక్కున్నడు" అని రాస్తరు. అక్కడి గిరిజనుల కథల మాత్రం ఆవు ఒకటి కన్నంలకెల్లి లోపల పడితే, వెతుక్కుంట పోయిన పశువుల కాపరి గుహను చూసిండు. టికెట్టు మాత్రం పర్యాటక సంస్థ కొడ్తది, కాపరి కాదు.

కానీ అదే బొర్రా మండలం అనంతగిరి నుంచే మనకు సమతా తీర్పు వచ్చింది. 1997 జులై 11, సుప్రీంకోర్టు. గనుల లీజుల మీద కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంల సర్కారు భూమిని కూడా ఆదివాసేతరులకు లీజుకు ఇయ్యొద్దని చెప్పింది. సర్కారు కూడా చట్టం ముందు ఒక "వ్యక్తే" అన్నది. ఆదివాసుల సహకార సంఘాలు నడుపుకోవచ్చన్నది. లాభంల కనీసం 20 శాతం ఆ ప్రాంతపు జనం బాగు కోసం పక్కన పెట్టాలన్నది. గనుల గురించి రాసిన ఆ తీర్పును రేపు గుట్ట మీద కట్టే కాటేజీ గురించి కూడా చదవాలె. 1/70 చట్టం ఉండంగ మన ఏజెన్సీల బయటోడు రిసార్టు ఎట్ల కడతడు? మన పేరు మీద. మన పేరు, మన పట్టా, వాడి పైస, వాడి లాభం. "నువ్వు ఓనరువు తమ్ముడూ, నెలకు ఇంత" అని సంతకం అడుగుతరు. మీలో చదువుకున్నోళ్ల దగ్గరికే ముందుగాల వస్తరు.

మారేడుమిల్లి దిక్కు వన సంరక్షణ సమితుల పేరు మీద కొండరెడ్లతోని క్యాంపులు నడిపే ప్రయత్నం జరిగింది. కూలీ కన్నా అది మంచిదే. వంట, గది, దారి చూపుడు అంతా ఊరోళ్లు చేసిండ్రు. తాళంచెవి మాత్రం అటవీ శాఖది. వాళ్ల బొంగు చికెన్‌ ఇప్పుడు ఈ హైవే మీద దాబా బోర్డుల దాకా వచ్చింది. కొండరెడ్డి రాలే. నల్లమలల 2021 నవంబర్ నుంచి మన్ననూరు కాడ "టైగర్ స్టే" అని అటవీ శాఖ ప్యాకేజీ. రాత్రి అడవిల ఉండొచ్చు, సఫారీ పోవచ్చు. అదే అమ్రాబాద్ అడవిల కోర్ ఏరియాల ఉన్న చెంచు పెంటల వాళ్లకు మాత్రం పులి కోసం బయటికి పొమ్మని పునరావాసం కాయితాలు. ఒక రాత్రి ఉండేటోడికి పులి అడ్డం కాదు, తరతరాలుగ ఉన్నోడే పులికి అడ్డం. ఆ అడవిలనే సలేశ్వరం జాతరకు లోయల దిగి పోయే వేల మందికి పూజ చేసేది చెంచులు. అక్కడ చెంచు ఇంటాయన. పక్క రోడ్డు మీద సఫారీ బండి కాడ వాడే ఎవరో తెలవదు.

చట్టం గురించి రెండు ముక్కలు. ఇక్కడ దగ్గర్లనే నల్సార్ లా యూనివర్సిటీ ఉంది, అక్కడ చదివే మనోళ్లు వచ్చి ఉంటే నాకంటే బాగ చెప్తరు, తప్పుంటే సరిచెయ్యుండ్రి. 1996 పెసా చట్టం 4(డి) ప్రకారం మన సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే సత్తా గ్రామసభకు ఉంది. సర్పంచ్‌కు కాదు, కలెక్టర్‌కు కాదు, గ్రామసభకు. 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(కె) ప్రకారం జీవవైవిధ్యానికి, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి మేధో హక్కు ఉంది. మనం ఈ చట్టాలను భూమి పట్టా కోసమే వాడుతం. గుస్సాడీ టోపీ కూడా దాని కిందికే వస్తదని నాకు ఆలస్యంగ తెలిసింది.

ఒక తప్పుడు మాట రాకుండ చెప్త. ఊరు దాటి ఆడుడే తప్పని నేను అనను. మర్లవాయి కనకరాజు తాత గుస్సాడీని ఢిల్లీ దాకా తీసుకుపోయిండు. 2021ల పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌ల పోయిండు. ఆయన పిల్లలకు అడుగు అడుగూ నేర్పిండు, ఆ అడుగు ఎందుకో కూడా చెప్పిండు. ఎవరితో పోవాలె, ఏం చూపాలె అన్నది ఆయన నిర్ణయం. ఆయన ఆట వేరు, నేను 800కు ఎగిరింది వేరు. ఇంకోటి, రిసార్టోణ్ణి తిట్టి మనం తప్పించుకోలేం. సినిమా పాట పెట్టి గుస్సాడీ రీల్స్ చేసేది మనమే. లైకుల కోసం పెర్సాపేన్ పూజ ఫోన్‌ల లైవ్ పెట్టేది మనమే. కాంట్రాక్టరు సంచిల ప్లాస్టిక్ ఈకలు రాకముందే మనం వాటిని ఫ్రీగా పంచుతున్నం.

మరి ఏం చెయ్యాలె? పెద్ద ప్లాన్ నా దగ్గర లేదు. నేను చేసింది చెప్త.

పోయిన దీపావళికి మా కంపెనీల నాతోని పనిచేసే నలుగుర్ని మా ఊరికి తీసుకుపోయిన. ఇద్దరు మేడ్చలోళ్లు, ఒకాయన ఒడిశా, ఒకాయన బీహార్. ముందుగాల మా పటేల్‌ను అడిగిన. ఆయన వెంటనే సరే అనలే. "ఎందుకొస్తరట?" అన్నడు. నేను జవాబు చెప్పలేకపోయిన. వాళ్లనే అడిగిన. బీహార్ అన్న, "మా ఊర్ల కూడా పండుగకు పోలేకపోయిన, ఎవరి పండుగనన్నా చూడాలని ఉంది" అన్నడు. ఆ మాట పటేల్‌కు చెప్తే, సరే రమ్మనుమన్నడు. నలుగురి కంటే ఎక్కువ వద్దు అన్నడు. ఆ లెక్క ఎక్కడిదో తర్వాత తెలిసింది. మా అవ్వ, వదినె కలిసి ఎంత మందికి వండగలరో అంతే.

ఈ సంగతి మీద ఒక నిమిషం. హోమ్ స్టే అని మాట్లాడేది మనం మగపిల్లలం. ఫోన్ ఎత్తేది మనం, గైడు అయ్యేది మనం. పొద్దుగాల లేచి నీళ్లు మోసి పదిమందికి రొట్టె కొట్టేది అవ్వ. పైసలు ఎవరి చేతికి రావాలె? ఊళ్లె ఈ మాట తేలకుండ ఏ బోర్డూ పెట్టొద్దు. ఉట్నూరుల మన ఆడవాళ్లు సంఘం కట్టి ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నరు. పువ్వు ఏరినోళ్లు, కట్టె కొట్టినోళ్లు, ముద్ద కట్టినోళ్లు, లెక్క రాసినోళ్లు అందరూ వాళ్లే. మన పర్యాటకం గురించి మాట్లాడాలంటే నేనైతే ముందుగాల వాళ్ల దగ్గరికి పోయి కూర్చుంట.

మా వాళ్లు ఊరి పొలిమేర కాడ దిగంగనే మా చెల్లె చెంబుతోని నీళ్లు తెచ్చింది. మేడ్చల్ తమ్ముడు తాగబోయిండు. అందరూ నవ్విండ్రు. కాళ్లు కడుక్కొమ్మని చెప్పినం. మా పెద్దనాన్న గోండిలనే మాట్లాడిండు, నేను తెలుగుల చెప్పిన, ఒడిశా ఆయనకు మళ్ల హిందీల. మధ్యమధ్యల పెద్దనాన్న చెప్పింది నాకే అర్థం కాలే. ఆరేండ్లు మేడ్చల్‌ల ఉంటే నా గోండి ఎంత అరిగిపోయిందో ఆ రాత్రి తెలిసింది. గుంజాల లిపి దొరికింది, 2018ల కంప్యూటర్లకు కూడా ఎక్కింది, కానీ నా నోట్ల నుంచి మాట జారిపోతున్నది. చుట్టానికి చెప్పాలంటే నేను ముందు నేర్చుకోవాలె.

రాత్రి గుస్సాడీలు రాంగనే ఒకాయన ఫోన్ తీసిండు. పటేల్ దగ్గరికొచ్చి చేతితోని ఫోన్ దించిండు, ఏం అనలే. ఆట మొదలైనంక, పోరాగాళ్లు ఆడేటప్పుడు తీసుకోమన్నడు. దేవుడి కాడ తీయొద్దు. ఆయన వెంటనే జేబుల పెట్టిండు. కోపం రాలేదా అని తెల్లారి అడిగిన. "మా ఇంట్ల దేవుడర్రల కూడా ఫోటో తీయనియ్యరు కదా" అన్నడు. అంత సులువుగ అర్థమయ్యే సంగతికి మనం ఎన్నేండ్లు సంజాయిషీ ఇచ్చుకున్నమో.

వాళ్లు పైసలియ్యలే. ఒక బియ్యం బస్తా తెచ్చిండ్రు. రెండో రోజు ఎల్లిగడ్డలు ఒలిచిండ్రు, పందిరికి కట్టెలు మోసిండ్రు. తిరిగి వచ్చినంక ఛట్ పండుగకు బీహార్ అన్న నన్ను తన రూమ్‌కు పిలిచిండు. పోయిన. బాపు లెక్క ప్రకారం బాకీ తీరింది.

ఇది వ్యాపారం కాదు కదా అని మీరు అడుగుతరు. అవును, కాదు. దీంతోని మా చెల్లె ఫీజు కట్టలేను. ఉపాధి కావాలె, ఆ ఆకలి నాకు తెలుసు, నేను 800కు ఒప్పుకున్నది దాని కోసమే. వ్యాపారం చెయ్యుండ్రి, గైడ్లు కాండ్రి, కుంటాల కాడ, బొగత కాడ దారి మనకంటే ఎవరికి తెలుసు? ఎక్కడ లోతుందో, ఎక్కడ రాయి జారుతదో తెలియక ఎంతమంది సిటీ పిల్లలు మునిగి చచ్చిపోలేదు? ఆ పనికి జీతం తీసుకుందం, టికెట్టుల వాటా అడుగుదం. కానీ గ్రామసభల కూర్చొని ముందుగాల 'చూపనివి' ఏందో రాసుకుందం. ఏ నెలల ఎవరూ రావొద్దు, ఏ గుట్ట, ఏ పూజ, ఏ పాట బయటికి పోవద్దు. చూపేవి తర్వాత రాసుకోవచ్చు.

మొన్న మా కాంట్రాక్టరు మళ్ల వచ్చిండు. దీపావళి శనివారం ప్రోగ్రాం ఉందట, ఈసారి 1,200. నేను ఊరికి పోతున్న అని చెప్పిన. కొలాం తమ్ముడు పోతనంటున్నడు, వాడి ఇంట్ల అవసరం ఉంది, వాణ్ణి నేను ఏమీ అనలే. ప్లాస్టిక్ టోపీ మాత్రం పెట్టుకోనని వాడే కాంట్రాక్టర్‌తోని కొట్లాడుతున్నడు.

అదే రోజు ఒడిశా అన్న వచ్చి, "ఈసారి నా భార్యను కూడా తీసుకొస్త, రావొచ్చా?" అన్నడు. పటేల్‌ను అడిగి చెప్త అన్న. రేపు ఫోన్ చెయ్యాలె.

జోహార్. జై సేవా.